ఎవరూ వాడని ప్రోటోకాల్

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తీస్తూనే, ఆ ప్రోటోకాల్‌ను కెర్నెల్‌లోంచి ఎలా విడదీయాలో స్వప్నికకు దారి దొరికింది. గిన్నె పక్కన పెట్టి, చేతులు చున్నీకి తుడుచుకుని లోపలి గదిలోకి వెళ్లబోతుంటే, హాల్లో దివాన్ మీద కాళ్లు చాపుకుని కూర్చున్న అత్తగారు వసంత, టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "ఆ డబ్బా ముంగట కూసుంటే కూర ఉడుకుతదా స్వప్నా" అంది. కోపంగా అనలేదు. ఆమె ఏదీ కోపంగా అనదు. ఎండ మంచిగున్నది, బట్టలు జల్దీ ఆరుతయి అన్నంత మామూలుగా అంటుంది. స్వప్నిక వెనక్కి వచ్చి కూర్చుంది. దొరికిన దారి జారిపోకుండా మనసులో మళ్లీ మళ్లీ తిప్పుకుంటూ మిగిలిన కాయలన్నీ ఒలిచింది, పోపు పెట్టింది, కుక్కర్ ఎక్కించింది. అప్పుడు వెళ్లి ల్యాప్‌టాప్ తెరిచింది.

ల్యాప్‌టాప్ ఆమెది కాదు. భర్త ఉదయ్‌భాస్కర్‌ది, అతని కంపెనీ ఇచ్చింది. ఆ పని కూడా అతనిదే, కనీసం లోకానికి తెలిసినంత వరకు.

చేవెళ్ల మెయిన్ రోడ్డు మీద మామగారు రామేశ్వర్‌కు హార్డ్‌వేర్ దుకాణం ఉంది. ఆ దుకాణం పై అంతస్తులోనే వీళ్ల ఇల్లు. పెళ్లయిన కొత్తలో స్వప్నిక కూడా ఉదయ్‌తో పాటే పొద్దున్నే బయలుదేరి, మొయినాబాద్ మీదుగా సిటీకి ఉద్యోగానికి వెళ్లేది. ఆమె పనిచేసింది ఆపరేటింగ్ సిస్టం తయారు చేసే చోట, అందులోనూ అన్నిటికంటే లోపల ఉండే కెర్నెల్ అనే భాగం మీద. వాళ్ల బ్యాచ్‌లో ఆ పని దొరికింది ఆమె ఒక్కదానికే. ఉదయ్‌ది టెస్టింగ్. పాప పుట్టింది. అదే ఏడాది అత్తగారు బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలన్నారు. ఎవరో ఒకరు అంటే ఎవరో ఎవరూ విడమరిచి చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. "ఒక్కరి జీతం సాలదా, ఇద్దరు రోడ్ల మీద తిరిగితే ఇల్లెట్ల" అని మామగారు అన్నది మాత్రమే ఆమెకు గుర్తు. ఆ మాట మీదనే ఆమె ఉద్యోగం ముగిసిపోయింది.

తర్వాత ఉదయ్, ఎక్కువగా ఇంటి నుంచే పనిచేసుకునే వేరే కంపెనీకి మారాడు. ఆస్పత్రుల్లో, ఫ్యాక్టరీల్లో యంత్రాలను ఒకదానికొకటి కలిపే చిన్న చిన్న నెట్‌వర్క్ పెట్టెలు చేసే కంపెనీ. టెస్టింగ్‌లో ఎదుగుదల లేదని కెర్నెల్ టీంకు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఇంటర్వ్యూకు నెల ముందు నుంచి స్వప్నికే కూర్చోబెట్టి చదివించింది. ఉద్యోగం వచ్చింది. మొదట్లో సందేహాలు అడిగేవాడు. కొన్నాళ్లకు సందేహాలు పోయి, పనే రావడం మొదలైంది. "జర ఇది చూడు" అనేవాడు, షర్టు గుండీలు పెట్టుకుంటూ. ఆ జర అనే మాటలో ఆమె మధ్యాహ్నాలన్నీ ఇమిడిపోయేవి. ఒకసారి ఎప్పుడో, ఇదంతా నా పేరు మీద ఒక్కటన్నా పోతే బాగుండు అంది. అతను నిజంగానే అర్థం కానట్టు చూసి, మన ఇంటి పనే కదా, నీది నాది ఏమున్నది అన్నాడు.

ఆమె గట్టిగా అడగకపోవడానికి ఒక కారణం ఉంది. అది తనకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ గంటల్లో ఆమెకు బాగుండేది. అన్నం వండిన గిన్నెలు తోమడం అయ్యాక, అత్తగారి కాళ్లకు నూనె రాయడం అయ్యాక, ఆ తెర ముందు కూర్చుని ఒక చిక్కు విప్పుతున్నప్పుడు తన బుర్ర తనది అనిపించేది. పేరు కోసం పేచీ పెడితే ఆ కాస్తా పోతుందేమోనని భయం. ఆకలి మీద ఉన్న మనిషి ఎవరి కంచంలో తింటున్నానని చూసుకోనట్టే, ఆమె ఎవరి పేరు మీద రాస్తున్నానని చూసుకోలేదు.

ఈసారి వచ్చిన పని ఆ ప్రోటోకాల్‌ది. ప్రోటోకాల్ అంటే రెండు యంత్రాలు మాట్లాడుకోవడానికి పెట్టుకున్న కట్టుబాటు. ఇది చాలా పాతది, ఇప్పుడు వాడేవాళ్లు బహు తక్కువ. కానీ కెర్నెల్ ఒంట్లోనే కలిసిపోయి ఉండటంతో, అవసరం ఉన్నా లేకున్నా ప్రతి పెట్టెలోనూ అది మేలుకునే ఉంటుంది. అందులో ఒక లోపం బయటపడింది. దాని గుండా బయటివాళ్లు చొరబడవచ్చు. వాడని దాన్ని అందరి పెట్టెల్లో తెరిచిపెట్టడం ఎందుకని, దాన్ని కెర్నెల్‌లోంచి తీసి విడిగా ఒక మాడ్యూల్‌గా చేయమన్నారు. కావాలనుకున్నవాళ్లే దాన్ని ఎక్కించుకుంటారు, మిగిలినవాళ్ల పెట్టెల్లో దాని ఊసే ఉండదు.

స్వప్నికకు ఆ పని నచ్చింది. ఆ పాత కోడ్ కెర్నెల్‌లో ఎక్కడెక్కడ వేళ్లు దింపిందో ఒక్కొక్కటీ వెతికి, తెగకుండా పైకి తీసింది. అంతా అయ్యాక ఆమెకు ఒక అనుమానం వచ్చింది. ఎవరూ వాడరు అంటున్నారు సరే, ఎవరో ఒకరు వాడుతుంటే? వాళ్లకు తాము వాడుతున్నట్టే తెలియకపోతే? అందుకని ఇంకో చిన్న ఏర్పాటు చేసింది. కొత్త కెర్నెల్ ఎక్కేటప్పుడు, ఈ పెట్టెలో ఆ ప్రోటోకాల్ పనిచేస్తూ ఉందా అని ముందు చూస్తుంది. ఉంటే, ఆ మాడ్యూల్‌ను కూడా వెంటబెట్టి, పెట్టె మేలుకోగానే దాన్ని రప్పిస్తుంది. లేకుంటే దాని జోలికి పోదు. మొత్తం పనిలో అది పిడికెడు. కానీ ఆమెకు అన్నిటికంటే తృప్తినిచ్చింది అదే. ఉదయ్‌కు అప్పగించి, తమ్ముడి పెళ్లి మాటలు మాట్లాడుకోవడానికి పక్క మండలంలోనే ఉన్న పుట్టిల్లు ప్రొద్దుటూరుకు వెళ్లింది. తిరిగొచ్చేసరికి పని పంపేశాను, అందరూ మెచ్చుకున్నారు అని చెప్పాడు. ఆ రాత్రికి అతను తెచ్చిన జిలేబీలు ఇంటిల్లిపాదీ తిన్నారు.

వారం పది రోజులు గడిచాయి. ఒక పొద్దున స్వప్నిక పప్పు కుక్కర్‌లో పెట్టి ఉల్లిగడ్డలు కోస్తుంటే, వెనక మెట్ల మీంచి విజయరాణి వచ్చింది. వెనక వాటాలో కిరాయికి ఉంటుంది. మొయినాబాద్ దగ్గర ఒక ప్రైవేటు దవాఖానలో చాలా ఏళ్లుగా నర్సు. ఆ వేళకు ఆమె డ్యూటీలో ఉండాలి. నైటీ మీద తువ్వాల కప్పుకుని, వంటింటి గడపలో చతికిలబడింది. స్వప్నిక ఏమైంది విజయక్కా అని అడిగింది. విజయరాణి చెప్పడం మొదలుపెట్టి ఆపలేకపోయింది.

నిన్న మధ్యాహ్నం వార్డులో చివరి గదిలో కనకమామిడి నుంచి వచ్చిన బాలప్ప అనే ముసలాయన ఉన్నాడు. నెమ్ము. దగ్గర ఆయన భార్య ప్రేమమ్మ ఒక్కతే ఉంది. ఏమన్నా అయితే ఈ బెల్లు నొక్కమ్మా, డెస్క్ మీద మోగుతది, నేనొస్తా అని విజయరాణే ఆమెకు బెల్లు చేతికిచ్చి చూపించింది. మధ్యాహ్నం ఆయనకు ఊపిరి అందలేదు. ప్రేమమ్మ బెల్లు నొక్కింది. నొక్కి, వస్తారు కదా అని ఆయన ఛాతీ రాస్తూ కూర్చుంది. మళ్లీ నొక్కింది. ఎవరూ రాలేదు. మోకాళ్లు నడవనివ్వని మనిషి, చివరికి గోడ పట్టుకుని పట్టుకుని బయటికొచ్చి కేకేసింది. విజయరాణి ఉరికేసరికి ఆయన పెదవులు నీలం రంగుకు తిరిగాయి. ఇప్పుడు ఐసీయూలో ఉన్నాడు, గొంతులో గొట్టం వేశారు. విచారణ అయ్యేదాకా డ్యూటీకి రావద్దని విజయరాణిని ఇంటికి పంపారు. డెస్క్ మీద నిద్రపోయినవ్ అన్నారు.

"మోగలేదు స్వప్నా," అంది విజయరాణి. "నేను ఆడనే కూసున్న. మోగితే నాకినబడదా?"

స్వప్నిక చేతిలో కత్తి అలాగే ఆగింది. దవాఖానలో బెల్లులు ఎట్ల పనిచేస్తాయో ఆమెకు తెలియదు. కానీ ఒక ప్రశ్న దానంతటదే నోట్లోకి వచ్చింది. ఆ యంత్రాలకు ఈమధ్య ఏమైనా కొత్తది ఎక్కించారా అని అడిగింది. విజయరాణి ఆలోచించి, నిన్న పొద్దున క్రాంతి కుమార్ వచ్చాడు అంది. దవాఖానలో యంత్రాలు చూసుకునే పిల్లగాడు. డెస్క్ కింద తెల్లటి పెట్టె ఒకటి ఉంటది, దానికి ఏదో అప్‌డేట్ అని ఎక్కించిండు, సెక్యూరిటీ కోసమట. పెట్టె మీద ఏం పేరుంటది అని అడిగింది స్వప్నిక. విజయరాణి చెప్పింది. అది ఉదయ్ కంపెనీ పేరు.

కుక్కర్ విజిల్ వేసింది. మళ్లీ వేసింది. స్వప్నికకు వినిపించలేదు. చివరికి విజయరాణే లేచి పొయ్యి ఆర్పింది.

అలా కావడానికి వీల్లేదు. ఆ ఒక్క మాటే ఆమె తలలో తిరుగుతోంది. పాత పెట్టెలు అంటేనే పాత ప్రోటోకాల్, నిజమే. ఆ బెల్లులు దాని మీదే పనిచేస్తుండవచ్చు. కానీ అందుకే కదా తను ఆ ఏర్పాటు చేసింది. వాడుతుంటే పట్టుకుంటుంది. పట్టుకుని తీరాలి. విజయక్కా ఒక్క నిమిషం కూర్చో అని చెప్పి లోపలికి వెళ్లింది. ఉదయ్ స్నానంలో ఉన్నాడు. ల్యాప్‌టాప్ తెరిచి, కంపెనీ బయటికి పంపిన ఆఖరి కోడ్ తీసింది. పైనుంచి కిందికి చదివింది. కింది నుంచి పైకి చదివింది. మాడ్యూల్ ఉంది. విడదీసిన ప్రతి పోగూ తను విడదీసినట్టే ఉంది. ఆ పిడికెడు లేదు. తెగిన గుర్తు కూడా లేదు. ఎన్నడూ అక్కడ ఏమీ లేనట్టు పై వరుస, కింది వరుస కలిసిపోయి ఉన్నాయి. ఆమె రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

ఉదయ్ తువ్వాలతో తల తుడుచుకుంటూ బయటికొచ్చి, ఏమైంది అట్ల ఉన్నవ్ అన్నాడు.

"వాడుతున్నరా లేదా చూసే ముక్క ఏది? మీరు తీసేసిన్రా?"

అతను ఒక్క క్షణం గుర్తు తెచ్చుకున్నాడు. "అదా. పంపే ముందు రివ్యూల మహేష్ సార్ అది ఎట్ల పనిచేస్తదని అడిగిండు. నువ్వు ప్రొద్దుటూర్ల ఉంటివి. అది తీసేస్తే ఆ ప్రశ్న కూడ పోతది కదా."

"ఫోన్ చేస్తే చెప్తుంటి కదా."

"సార్ లైన్ల ఉన్నడు. ఆయన ముంగట నీకెట్ల ఫోన్ చేస్త?" అని, ఎవ్వరూ వాడరు దాన్ని, ఎందుకంత ఫికర్ అని అద్దం వైపు తిరిగి తల దువ్వుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు ఆమె బాలప్ప సంగతి చెప్పింది. చెబుతుంటే దువ్వెన ఆగింది. అద్దంలో అతని ముఖం తెల్లబోవడం చూసింది. ఆ క్షణాన అతని మీద జాలి కూడా కలిగింది. ఇప్పుడు కుర్చీలో కూలబడతాడు, ఏం చేద్దాం అంటాడు అనుకుంది. అతను తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "విజయరాణికేం చెప్పకు" అన్నాడు. దవాఖాన వైరింగ్‌లో ఏదో ఉంటదిలే, మనమే పోయి నెత్తి మీదికి తెచ్చుకునుడెందుకు అన్నాడు.

పదకొండేళ్లుగా ఒకే మంచం మీద పడుకున్న మనిషి. ఆ మనిషి గొంతులోంచి ఆ మాట ఎంత సులువుగా వచ్చింది. గోడకవతల విజయరాణి కూర్చుని ఉంది. నిద్రపోయినవ్ అనిపించుకుని వచ్చి కూర్చుంది. స్వప్నిక తలుపు తీసుకుని వంటింట్లోకి నడిచింది. క్రాంతి కుమార్‌కు ఫోన్ చెయ్యి విజయక్కా అంది. నిన్న ఎక్కించింది తీసేసి, పాతదే మళ్లీ పెట్టమను. పెట్టినాక చివరి గదిల పోయి బెల్లు నొక్కమను. ఎందుకని విజయరాణి అడిగితే, చేసి చూడమను, నేను చెప్తా అంది.

మధ్యాహ్నం లోపే ఫోన్ వచ్చింది. మోగుతోంది. అన్ని గదుల్లోంచీ మోగుతోంది. విజయరాణి ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, స్వప్నిక మోచేయి పట్టుకుంది.

ఆ తర్వాత జరగాల్సినవి వాటంతట అవే జరిగాయి. దవాఖాన వాళ్లు కంపెనీని నిలదీశారు. కంపెనీ ఉదయ్‌ను నిలదీసింది. సాయంత్రం నాలుగింటికి టీం పెద్ద మహేష్‌తో వీడియో కాల్. స్వప్నిక చాయ్ పట్టుకుని గది దాకా వచ్చింది. తలుపు ఓరగా ఉంది. మోచేత్తో నెట్టబోయి ఆగిపోయింది.

"యాక్చువల్లీ సార్, ఆ రోజు నేను ఇంట్ల లేను," అంటున్నాడు ఉదయ్. "మా మిసెస్ ల్యాప్‌టాప్ తీసింది. ఎప్పుడో కోడింగ్ చేసేది, ఆ అలవాటు పోలే. స్వప్నిక ఏదో మార్చినట్టుంది. నేను చూసుకోకుండ పంపిన."

చాయ్ ఆమె వేళ్ల మీద ఒలికింది. వేడి తెలియలేదు. ఆమెకు వినిపించింది తప్పు తన మీద వేయడం కాదు, తన పేరు. ఆ గదిలోంచి, ఆ యంత్రం ముందు నుంచి, ఆ మనుషులకు తన పేరు చెప్పడం ఇదే మొదటిసారి. ఎన్ని మధ్యాహ్నాలు. ఎన్ని మెచ్చుకోళ్లు అతను భోజనాల దగ్గర చెబుతుంటే ఇంట్లోవాళ్లంతా విని సంతోషించారు, తను కూడా పప్పు వడ్డిస్తూ సంతోషించింది. అన్నిసార్లు ఆ పేరు అతని గొంతులో ఎక్కడుందో. ఉందన్నమాట. అవసరానికి పనికొస్తుందని దాచిపెట్టినట్టు ఉండనే ఉంది. ఆమె కప్పు నేల మీద పెట్టి, వేళ్లు చున్నీకి తుడుచుకుని, వంటింట్లోకి వెళ్లిపోయింది.

దుకాణం కట్టేయకుండానే మామగారు పైకి వచ్చారు. ఉదయ్ అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు. రేపు పదకొండింటికి మహేష్ సార్ స్వప్నికతో మాట్లాడతానన్నాడు, ఏం లేదు, పొరపాటున చేసినానని ఒక్క మాట చెబితే చాలు అన్నాడు. స్వప్నిక అతని ముఖంలోకి చూసింది. అతను కళ్లు తిప్పుకోలేదు. అతను అబద్ధం చెబుతున్నానని అనుకోవడం లేదు. ఇంట్లో ఉన్న ఒక వస్తువును ఒకచోటు నుంచి తీసి ఇంకోచోట పెడుతున్నానని అనుకుంటున్నాడు.

మామగారు, ఇంటి ఇజ్జత్ సంగతి బిడ్డా అన్నారు. అత్తగారు దివాన్ మీంచి కొంచెం ముందుకు జరిగి, స్వప్నిక చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఎంతో ప్రేమగా చెప్పింది.

"నౌకరి ఉన్నోనికి మాటొస్తే నౌకరి పోతది. నీకేం పోతది స్వప్నా? నీకు నౌకరే లేకపాయె."

స్వప్నిక ఆ మాటలో తప్పు వెతికింది. నిజంగానే వెతికింది, కోడ్‌లో వెతికినట్టు. దొరకలేదు. పోవడానికి తన దగ్గర ఏమీ లేదు, నిజమే. ఏమీ లేకుండా చేసింది ఈ హాల్లోనే, ఇదే దివాన్ మీద, ఇంతే ప్రేమగా. ఇప్పుడు ఆ ఏమీ లేకపోవడం కూడా వీళ్లకు పనికొస్తోంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. సరే అనలేదు, కాదనలేదు. చపాతీ పిండి కలపాలి అని లేచింది. ఆమె లేచిన తీరు చూసి వాళ్లు ఒప్పుకుందనుకున్నారు.

మర్నాడు పొద్దున్నే వంట ముగించి, పాపను బడికి పంపి, విజయరాణితో కలిసి మొయినాబాద్ బస్సెక్కింది. పాలకు పోతున్నానని కూడా ఎవరికీ చెప్పలేదు. ఐసీయూ బయట బెంచీ మీద ప్రేమమ్మ కూర్చుని ఉంది. బాలప్ప గొట్టం ఇంకా తీయలేదు గానీ, రాత్రి కళ్లు తెరిచాడట. విజయరాణిని చూడగానే ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది. దవాఖాన వాళ్లు ఆమెను కూడా అడిగారు. నీకు బెల్లు నొక్కరాలేదేమో, గట్టిగ నొక్కలేదేమో అని. కొడుకు కూడా అదే అన్నాడు.

"నేను నొక్కిన బిడ్డా," అంది ప్రేమమ్మ స్వప్నికతో, ఆమె ఎవరో కూడా తెలియకుండానే. "నా ఏలు సూడు. ఒత్తి ఒత్తి నొప్పి లేసింది. నొక్కలే అంటున్నరు."

బొటనవేలు చాపి చూపించింది. పొలం పనికి కాయలు కాసిన వేలు, గోరు కింద కమిలి ఉంది. స్వప్నిక ఆ వేలు తన రెండు చేతుల్లో పట్టుకుంది. నర్సు నిద్రపోయింది, ముసలమ్మ నొక్కలేదు, ఇంటావిడ ఏదో ముట్టుకుంది. ఎంత తేలిగ్గా అతికాయి ఒక్కొక్కటీ. "నువ్వు మంచిగనే నొక్కినవ్ అవ్వా. అది మోగలే. నేను చెప్త వాళ్లకు" అంది. చెప్పాక, ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని ఆశ్చర్యపోయింది.

ఆమె ఇంటికి తిరిగొచ్చాక, పదకొండింటికి ఉదయ్ కుర్చీ లాగి, తనే ఆమెను కెమెరా ముందు కూర్చోబెట్టాడు. పక్కన, కెమెరాకు కనిపించకుండా నిలబడ్డాడు. తెర మీద మహేష్, ఇంకో ఇద్దరు. మహేష్ మర్యాదగా, కొంచెం ఇబ్బందిగా మొదలుపెట్టాడు. మేడమ్, మిమ్మల్ని ఇందులోకి లాగుతున్నందుకు సారీ, ఆ మార్పు మీరు పొరపాటున చేశారని ఉదయ్ చెప్పాడు, అంతేనా అని అడిగాడు. ఉదయ్ చెయ్యి ఆమె భుజం మీద పడింది.

"పొరపాటున కాదండి," అంది స్వప్నిక. "ఆ ప్రోటోకాల్‌ను విడదీసింది నేను. తెలిసే చేసిన. అంతకు ముందు వచ్చినయి కూడ నేనే చేసిన, ఉదయ్ ఈ టీంల చేరినప్పటి నుంచి అన్ని."

భుజం మీది చెయ్యి బిగుసుకుని, తర్వాత లేచిపోయింది. వాడుకలో ఉన్న పెట్టెలను గుర్తుపట్టే ఏర్పాటు ఎందుకు చేసిందో, ఎలా పనిచేస్తుందో చెప్పింది. రివ్యూలో మహేష్ అడిగిన ప్రశ్నకు అప్పుడు రావాల్సిన జవాబు ఇప్పుడు చెప్పింది. ఆ ముక్క ఉంటే బెల్లు మోగేదని, దాన్ని తీసింది తను కాదని చెప్పింది. అది ఎవరు తీశారని మహేష్ అడగలేదు. కళ్లద్దాలు తీసి, "నేను ఉదయ్‌తో మాట్లాడుతున్ననని అనుకున్న ఇన్ని రోజులు" అన్నాడు. ఆయన నిజంగానే నివ్వెరపోయి ఉన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, మిగిలిన దవాఖానలకు కూడా పాత కెర్నెల్ పెట్టిస్తున్నాం, కానీ దాంట్లో లోపం అట్లే ఉంటుంది, ఆ ముక్క మళ్లీ కలిపి ఉదయ్ లాగిన్ నుంచే తొందరగా పంపిస్తారా, మిగతావి తర్వాత చూసుకుందాం అన్నాడు.

"ఇయ్యాలనే పంపుత," అంది స్వప్నిక. "ఆ లాగిన్ నుంచి కాదు. కెర్నెల్ కోడ్ అందరికి తెరిచిపెట్టిందే, ఎవరైనా మార్పు రాసి పంపొచ్చు కదా. నా పేరుతోని పంపుత. మీరు అందరిది చూసినట్టే చూడండి. ఆ నర్సుది, బెల్లు నొక్కిన ముసలమ్మది తప్పేం లేదని దవాఖానకు మీరు రాసియ్యాలె, అది కూడ ఇయ్యాలనే."

అలాగే జరిగింది. అటక మీంచి తన పాత ల్యాప్‌టాప్ దించి, దుమ్ము తుడిచి, ఛార్జింగ్ పెట్టి, డైనింగ్ టేబుల్ మీదే కూర్చుని రాసింది. అత్తగారు రెండుసార్లు వచ్చి చూసిపోయింది. సాయంత్రానికి ముక్కూ ముఖం తెలియని ఎవరో, ఎక్కడి నుంచో, ఆ కోడ్ చదివి రెండు ప్రశ్నలు అడిగారు. స్వప్నిక గారూ అని మొదలుపెట్టి అడిగారు. ఆమె వెంటనే జవాబు రాయకుండా, ఆ ప్రశ్నలను కాసేపు ఊరికే చూస్తూ కూర్చుంది.

విజయరాణిని వారం తిరక్కుండానే డ్యూటీలోకి పిలిచారు. క్షమాపణ ఎవరూ చెప్పలేదు, షిఫ్టు మాత్రం చెప్పారు. బాలప్పకు గొట్టం తీసి వార్డుకు మార్చారు, ఆ తర్వాత కనకమామిడికి పంపారు. ఉదయ్ ఉద్యోగం పోలేదు. అతన్ని తీసేస్తే ఇన్నాళ్లూ చూసుకోనందుకు తాము కూడా జవాబు చెప్పాల్సి వస్తుందని కంపెనీ అనుకుందేమో. కానీ మహేష్ ఒక షరతు పెట్టాడు. సోమవారం టీం అందరి ముందూ నిలబడి, ఆ మాడ్యూల్ మొదటి నుంచి చివరి దాకా ఎలా పనిచేస్తుందో ఉదయ్ ఒక్కడే వివరించాలి.

ఆ వారమంతా ఉదయ్ ఆమెతో మాట్లాడలేదు. ఇల్లు కూల్చినవ్ అని మాత్రం ఒకసారి అన్నాడు. మామగారు దుకాణంలోనే భోజనం చేశారు. ఆదివారం మధ్యాహ్నం, స్వప్నిక టేబుల్ దగ్గర తన పనిలో ఉండగా, అతను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. గడ్డం మాసి ఉంది. టేబుల్ క్లాత్ మీది పువ్వులు చూస్తూ, "రేపు నేను వాళ్లకు ఏం చెప్పాలె స్వప్నా" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అంత దిక్కు తోచనట్టు అతను ఎన్నడూ అడగలేదు. జవాబు ఆమె నాలుక చివరే ఉంది. మొదటి వాక్యం, దాని తర్వాతిది, ఏ బొమ్మ గీసి చూపిస్తే అందరికీ అర్థమవుతుందో, అంతా వరసగా నిలబడి ఉంది.

"నాకు తెల్వదు," అంది స్వప్నిక, తెర మీంచి చూపు తిప్పకుండా. "మీరే చదువుకోవాలె."